ఏసుదాసు గారికి తెలిసిందా?

రెండేళ్ల క్రితం, సెంబవాంగ్ అనే ఓడరేవు పేటలో, కూతురు ఆఫీసుకు వెళ్లిన వేళ ఏసుదాసు గారు ఫ్లాట్‌లో పడిపోయి మెడలోని అలారం బటన్ నొక్కారు. సాయం వచ్చేసరికి ప్రాణం లేదు. షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరైన మనిషి, మా చర్చి సంఘంలో పెద్ద. ఆ బటన్ కంపెనీ ఇచ్చిన రిపోర్టు పట్టుకుని, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన కూతురు మెర్సీ నా దగ్గరికి వచ్చింది.

నేను ఆదివారాలు చర్చిలో వాక్యం చెబుతాను; మిగతా రోజులు సైన్స్ పార్క్‌లో ఫార్మల్ వెరిఫికేషన్ ఇంజనీరుని. ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యంత్రాలు చెప్పినట్టే నడుస్తాయా అని తర్కంతో తేల్చడం నా పని. టెంపొరల్ లాజిక్ కాలం గురించి అడుగుతుంది: ఇది ఎప్పుడూ నిజమా, ఎప్పటికైనా నిజమవుతుందా? మోడల్ లాజిక్‌లో ఒక శాఖ ఎరుక గురించి అడుగుతుంది: ఈ సంగతి ఎవరికి తెలుసు?

"ప్రతి పిలుపుకూ ఎప్పటికైనా జవాబు అందుతుంది, ప్రూవ్ చేశాం అని రాశారు. అబద్ధమా బ్రదర్?"

"అబద్ధం కాదమ్మా. ఎప్పటికైనా అన్నదానికి మా లెక్కలో గడువుండదు. ఎంత ఆలస్యంగా అందినా రుజువు నిలుస్తుంది."

"బాగుంది మీ లాజిక్. నాన్న వింటే, ఓడ మునిగిపోయాక వెల్డింగ్ చేత్తారేటి అనేవాడు."

నవ్వబోయి ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని అసలు సంగతి అడిగింది.

"నేను వెళ్లేసరికి ఇంట్లో అలారం బాక్సు మీద పచ్చలైటు వెలుగుతోంది. మీ పిలుపు విన్నాం, మనిషి వస్తున్నాడు అని కదా దానర్థం? నాన్న అది చూశాడా? ఎవరో వస్తున్నారని తెలిసే పోయాడా?"

రిపోర్టు చివర ఇంట్లోని బాక్సు, కంపెనీ సెంటర్‌లోని యంత్రం, రెండింటి లాగ్‌లు, అంటే అవి తమ పని నమోదు చేసుకున్న వివరాలు, ఉన్నాయి. పిలుపు సెంటర్‌కి వెంటనే అందింది. మనిషి బయలుదేరాడు. అందిందని తిరిగి చెప్పే మెసేజ్ మాత్రం దారిలో పోయింది. మళ్లీ మళ్లీ పంపగా, డాక్టరు చెప్పిన మరణ సమయం దాటాక చేరింది. వాళ్లకు తెలుసు. వాళ్లకు తెలుసన్నది ఆయనకు తెలియదు.

అవునని ఒక్క మాట అంటే ఆమె కాస్త కుదుటపడేది. సంఘం ముందు వాక్యం చెప్పే నోటితో ఆ మాట అనలేకపోయాను.

"తెలియలేదమ్మా. ఆయన పోయాకే లైటు వెలిగింది."

ఆమె రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"మీ లాజిక్‌లో నమ్మకం అనేది ఉండదా?"

"ఉంది. ఎరుకకు ఒక గుర్తు, నమ్మకానికి ఇంకోటి. తెలిసింది నిజమై తీరాలి. నమ్మింది నిజం కాకపోవచ్చు."

"ఎవరో వస్తారని నమ్మబట్టే కదా నాన్న బటన్ నొక్కాడు? మనిషి బయలుదేరాడు కదా, బ్రదర్?"

"బయలుదేరాడమ్మా."

"అయితే నాన్న నమ్మింది నిజమే."

నా దగ్గర అంతకన్నా మంచి రుజువు లేదు.

ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా ఎప్పటికైనా అని రాసుకొస్తే, ఎప్పటిలోగా అని అడుగుతాను. నేల మీద పడి ఉన్న మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుందనీ అడుగుతాను. ప్రార్థనకు జవాబు బయలుదేరిందో లేదో తెలియకపోయినా ఎదురుచూడండని సంఘానికి ఏళ్లుగా చెబుతున్నాను. ఇప్పటికీ చెబుతాను, గొంతు తగ్గించి.