తడి వేలు

ఆకుల మీద మచ్చల్లా పెరిగే లైకెన్లను, అంటే నాచూ బూజూ కలిసి బతికే జీవుల్ని, జాతులుగా విడదీయడం మచ్చల మాస్టారి ఉద్యోగం. మనకి ఆ ఆకు మీద ఎవరో సున్నం చిలకరించినట్టుంటుంది. ఆయనకి మాత్రం అదో వంశవృక్షం. పొద్దున్నే బన్ను నములుతూ ల్యాబుకొస్తాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చూపుడువేలు నాలుకకి అద్ది, మచ్చ మీద రాస్తాడు. తడి తగిలి పచ్చబడితే లైకెన్, లేకపోతే పిట్ట రెట్ట. "ముప్ఫై ఏళ్ల నాలుక, అబద్ధమాడదు," అంటాడు.

మొన్న మూడు అడవుల ఆకుల మీంచి తొమ్మిది రకాల మచ్చలు ఏరి డీఎన్‌ఏ పరీక్షకి పంపాడు. చూపుకి వేరువేరుగా ఉన్న తొమ్మిదీ ఒకటే జాతి అని తేలింది. మాస్టారి కాళ్లు నేల మీద నిలవలేదు. అడవులన్నిటినీ ఏలే ఒకే లైకెన్ అంటూ వ్యాసం మొదలెట్టేశాడు. అంతలో పరీక్ష చేసినమ్మాయి వచ్చింది.

"సార్, రిపోర్టు కింద జాతి పేరు చూడలేదా? అది రొట్టెలు పొంగించే ఈస్టు."

ఆమె చూపు ఆయన చేతిలోని బన్ను మీంచి తడి వేలి మీదికి జరిగి అక్కడే ఆగింది.

ఇంట్లో భార్య పగలబడి నవ్వింది. "అడవి అడవంతా మీ ఎంగిలేనన్నమాట! ఇకనైనా ఆ పాడలవాటు మానండి."

మానేస్తానని ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మాటంటే మాటే. మర్నాటి నుంచి బన్ను ముట్టలేదు.