మిగిలిన ముప్పై తొమ్మిది కణాలు

దేవుడి మీద ఒట్టు వేయను. మా బాపు మీద వేస్తున్నాను. ఆయన ఇప్పుడు లేడు... కాబట్టి ఈ ఒట్టు నాకెంత బరువో మీరే అర్థం చేసుకోండి. ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదు.

అప్పుడు నేను డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. ఆర్మూర్‌లో మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. పొద్దున బస్సులో క్లాసుకు, సాయంత్రం ఆర్మూర్‌లోనే ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌కు. అక్కడి టెక్నీషియన్ మల్లేశన్న నాకు పని నేర్పాడు. రక్తపు చుక్కను గాజు స్లైడ్ మీద పలచగా లాగడం, రంగు వేయడం, మైక్రోస్కోప్‌లో తెల్లకణాలు లెక్కపెట్టడం... అన్నీ ఆయన దగ్గరే. పుస్తకంలో బొమ్మలుగా చూసినవి అక్కడ నిజంగా కనిపించేవి. నాకు గర్వంగా ఉండేది.

కణాల లెక్కకు ఒక చిన్న ఇనుప కౌంటర్ ఉంటుంది. ఒక్కో రకం కణానికి ఒక్కో మీట. నొక్కితే టిక్‌మంటుంది, దాని మీద అంకె మారుతుంది. మొత్తం వంద కాగానే లోపల చిన్న గంట మోగుతుంది. టింగ్. అంతే.

మా ఊరు మాక్లూర్ పక్కన. బాపుది పసుపు సేద్యం. ఆ ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆయనకు ఒకటే నీరసం. సాయంత్రమైతే జ్వరం. పళ్ళు తోముకుంటే రక్తం. రెండు ఆదివారాలు ఇంటికి పోయి నా కళ్ళతో చూశాను. పొయ్యి సెగకు అలిసిపోయాడనుకున్నాను. అరచేతులు పాలిపోయాయేమో చూడాలని తోచలేదు. చూసినా తెలిసేది కాదు... పసుపు అంటుకుని రెండు చేతులూ పచ్చగా ఉన్నాయి.

చివరికి అమ్మ పోరు పడలేక ల్యాబ్‌కు వచ్చాడు. నేనే సూది గుచ్చాను. గుచ్చిన చోట రక్తం చాలాసేపు ఆగలేదు. రాత్రికి ఫోన్‌లో చెప్తానని బస్సెక్కించాను.

ఆ రోజు మల్లేశన్న పోచంపాడ్‌లో చుట్టాలింటికి పోయాడు. తాళాలు నా దగ్గరే. తొమ్మిది దాటాక మిగతా రిపోర్టులు అయిపోయాయి. షట్టర్ పూర్తిగా దించి, లోపలి గొళ్ళెం పెట్టి, బాపు స్లైడ్ తీశాను. రంగు వేశాను, కడిగాను, ఆరబెట్టాను. కణాలు పెద్దగా కనబడటానికి పైన ఒక చుక్క నూనె. మైక్రోస్కోప్‌కు కళ్ళు ఆనించాను...

పెద్ద కణాలు. ఊదారంగులో. ఎటు జరిపినా అవే. ఎముకల మూలుగలో ఉండి ఎదగాల్సినవి, ఎదగకముందే రక్తంలోకి వచ్చేసినవి. ఆ బొమ్మ ఏ పేజీలో ఉంటుందో కూడా నాకు తెలుసు. బ్లడ్ క్యాన్సర్.

లెక్క మొదలుపెట్టాను. టిక్... టిక్... అరవై ఒకటి దగ్గర వేలు ఆగిపోయింది. అందులో నలభై నాలుగు ఆ కణాలే.

ఫోన్ మోగింది. బాపు.

"ఏమన్న తెల్సిందా బిడ్డా?"

"రక్తం తక్కువుంది బాపు. గంతే."

"గంతేనా. నేనేమో ఫికర్ చేస్తున్న. పసుపు కల్లంల ఉంది, ఎల్లుండి మార్కెట్‌కు తేవాలె. గోలీలు రాసిస్తరా మరి?"

"రాసిస్తరు. నువ్వు పండుకో."

ఫోన్ పెట్టేశాక ఒకటే అనుకున్నాను. నేను ఇది చూడలేదు. స్లైడ్ సరిగా రాలేదని రాసేస్తాను. దీన్ని చెత్త డబ్బాలో వేస్తాను. ముందు మొహం కడుక్కుందామని వెనక వరండాలోకి పోయాను. దానికీ ఇనుప జాలీ, దానికీ తాళం. మొహం కడిగి నల్లా కట్టేశాను.

టిక్.

నీటి చుక్క అనుకున్నాను. నల్లా కింద చెయ్యి పెట్టి చూశాను. కారడం లేదు.

టిక్... టిక్...

లోపలి నుంచి. మల్లేశన్న వచ్చాడేమోనని పిలిచాను. ఎవరూ పలకలేదు. షట్టర్ లేపితే వీధంతా వినిపిస్తుంది. అది లేవలేదు.

ఏ తొందరా లేదు. ఒకటి నొక్కి, కాసేపు ఆగి... చూస్తున్నట్టుగా ఆగి... మళ్ళీ ఇంకొకటి. అలవాటున్న చెయ్యి. ఆ కౌంటర్‌లో చివరి మీట కొంచెం బొంగురుగా పలుకుతుంది. ఎక్కువసార్లు అదే పలుకుతోంది. ఆ కణాలకు నేను పెట్టుకున్న మీట అదే.

గోడకు ఆనుకున్నాను. తడి చేతులు తుడుచుకోకుండానే ఆరిపోయాయి. నాకు తెలియకుండానే నేనూ లెక్కపెడుతున్నాను. ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది...

టింగ్.

ఆ తర్వాత ఏమీ లేదు. వీధిలో కుక్క కూడా మొరగలేదు.

ఎంతసేపటికి లోపలికి పోయానో తెలియదు. గదిలో ఎవరూ లేరు. షట్టర్ గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. కౌంటర్ మీద వంద. చివరి మీట దగ్గర డెబ్బై రెండు. స్లైడ్ నేను వదిలిన చోట లేదు, లెక్క సాగినట్టు రెండో కొస దాకా జరిగి ఉంది. మైక్రోస్కోప్‌లో కళ్ళు పెట్టాను. రెండు వెలుగులు విడివిడిగా కనిపించాయి, ఒకటిగా కలవలేదు. కళ్ళు ఆనించే ఐపీస్‌లు రెండూ నా కళ్ళకు సరిపోనంత ఎడంగా జరిపి ఉన్నాయి. నాకంటే వెడల్పు మొహం... ఎవరిదో.

ఆ స్లైడ్ పారేయలేకపోయాను.

పొద్దున మల్లేశన్న చేతికిచ్చాను. అంకె చెప్పలేదు. ఆయన మొత్తం లెక్కపెట్టి కాగితం మీద రాశాడు. డెబ్బై రెండు. కాగితం నా వైపు తిప్పాడు.

"చెల్లే, ఇయ్యాలనే హైదరాబాద్ తీస్కపో. రేపు అనకు."

తీసుకుపోయాం. పెద్ద దవాఖానలో పద్దెనిమిది రోజులే బతికాడు. మొదటి రోజే డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, నెల ముందు తీసుకొస్తే ఏమైనా చేసి చూసేవాళ్ళమని చెప్పింది. ఆ మాట అమ్మకు ఇప్పటికీ తెలియదు. బాపు మాత్రం మంచం దగ్గరికి ఏ నర్సు వచ్చినా నన్ను చూపించేవాడు.

"నా బిడ్డ గిదే చదువుతున్నది. రోగాన్ని గీమెనే పట్టింది."

నేను తల ఊపేదాన్ని.

నువ్వే లెక్కపెట్టి ఉంటావు, ఆ భయంలో మర్చిపోయావు అంటుంది నాతో చదివిన సుజాత. అయి ఉండొచ్చు. అయితే ఆ ఐపీస్‌లు ఎవరి కళ్ళకు జరిగాయి? పరీక్షలు రాశాను, పాసయ్యాను. ల్యాబ్‌కు మళ్ళీ పోలేదు.

నేను తప్పించుకుపోకుండా ఆపడానికి వచ్చారో, నా వల్ల కాని పని చేసిపెట్టడానికి వచ్చారో... అసలు ఎవరైనా వచ్చారో లేదో. నిద్ర పట్టనప్పుడు మాత్రం వాళ్ళను ఒక్కటే అడుగుతాను. ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరైనా సరే... నెల ముందు ఎందుకు రాలేదు?