బెల్లం దారి

ఆదోనిలో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో సాయంత్రం పని దిగేటప్పుడు కూలీలకు తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవారు. పీల్చిన దూది నూగును బెల్లం పట్టుకుని కడుపులోకి దించేస్తుందని నమ్మకం. కూలీలు నమ్మారు, మేస్త్రీ నమ్మాడు. షావుకారు నమ్మాడో లేదో గానీ, మిల్లులో దుమ్ము తగ్గించే ఏర్పాటు చేయడం కంటే బెల్లం పంచడం ఆయనకు సులువు.

ఉచ్చీరమ్మ తన ముక్కను ఎన్నడూ నోట్లో వేసుకోలేదు. కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చి మొగుడు సుంకప్పకు పెట్టేది. అతనిదీ అదే మిల్లు, దూదిని బేళ్లు కట్టే చోట పని. సెలవు మర్నాడు లోపల అడుగుపెడితే చాలు, అతనికి రొమ్ము పట్టేసి దగ్గు వచ్చేది.

"దమ్ము ఆడ్తాలేదే. ఈ పని ఇడ్సిపెట్టి నందవరం పక్క సేద్యం కూలికి పోదాం," అనేవాడు.

"నాది గూడా తిను. దిగిపోతాది," అనేది ఆమె. తిని, పొద్దున్నే మళ్లీ మిల్లుకే పోయేవాడు. ఏళ్లు అలాగే గడిచాయి.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో సుంకప్ప వీధి కొళాయి దాకా కూడా నడవలేకపోయాడు. ఆసుపత్రిలో అతన్ని వరండాలో కూర్చోబెట్టి, ఉచ్చీరమ్మ డాక్టరును అడిగింది: "బెల్లం ఇంగా ఎక్కువ పెట్టల్లా సార్?"

డాక్టరు నవ్వలేదు. గోడకున్న మనిషి పటం దగ్గరికి పిలిచాడు.

"గొంతు దాకా దారి ఒకటేనమ్మా. అక్కడ రెండవుతుంది. వెనకది అన్నం పోయే గొట్టం. మింగింది కడుపులోకి పోయి, అరిగి, పేగుల్లో సారం రక్తంలో కలుస్తుంది. ముందుది గాలి గొట్టం. మింగేటప్పుడు దీని మీద చిన్న మూత పడుతుంది, మెతుకు లోపలికి పోకుండా. ఇది కొమ్మలుగా చీలి ఊపిరితిత్తుల్లో సన్నటి తిత్తుల దాకా పోతుంది. గాలి రక్తంలో కలిసేది అక్కడే. నూగు చేరి ఈ కొమ్మలు ఇరుకైపోయాయి."

"అట్లయితే బెల్లం ఆడికి పోదా?"

"పోదు. ఆ పని ఎప్పుడో మానేసి ఉండాల్సింది."

ఆమెకు ఏడుపు రాలేదు. ఇంకెవరి సంగతో విన్నట్టు ఉంది. బయటికొచ్చి మొగుడికి ఉన్నదున్నట్టు చెప్పింది. "బెల్లం పొట్టలోకి పోతాదంట. దగ్గు ఆడ లేదంట. నువ్వు పోదామన్నప్పుడే పోయింటే బాగుంటాండె."

సుంకప్ప అంతా విన్నాడు. ఊపిరి కూడదీసుకున్నాడు. ఆమె కొంగు ముడి వైపు చూసి చెయ్యి చాచాడు. ఆమె ముడి విప్పి బెల్లం పెట్టింది. మెల్లగా చప్పరించాడు.

కొత్త పత్తి రాకముందే అతను పోయాడు. అప్పుడూ ఆమె ఏడవలేదు. దినాలు కాగానే మిల్లుకు పోయింది. సాయంత్రం బెల్లాన్ని అలవాటుగా కొంగున కట్టుకునేది. ఇంట్లో దానికి చీమలు పట్టేవి.

కొన్నేళ్లకు ఆమెకూ దగ్గు మొదలైంది. ఒక సాయంత్రం మిల్లు గేటు దగ్గర, పక్క మిషను లక్ష్మక్క తన బెల్లం ముక్క ఇవ్వబోయింది.

"నాది గూడా తిను ఉచ్చీరమ్మా. దిగిపోతాది."

"దిగదు లక్ష్మక్కా. దాని దారి ఏరే," అని ఉచ్చీరమ్మ డాక్టరు చెప్పిందంతా చెప్పింది.

లక్ష్మక్క శ్రద్ధగా వింది. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. "కానీలే. తిను."

ఉచ్చీరమ్మ తీసుకుని నోట్లో వేసుకుంది. ఆసుపత్రి వరండాలో సుంకప్ప ఎందుకు చెయ్యి చాచాడో అప్పుడు తెలిసింది. గేటు పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.