బెల్లం నీళ్లలో కలిపిన టీకా

మొన్న ఒక పశువైద్య పత్రికలో, ముక్కు ద్వారానో నోటి ద్వారానో ఇచ్చే టీకాలకు బలం చేకూర్చే సహాయక ద్రవ్యాల గురించి చదువుతుంటే, తొంభైలలో చోడవరం పశువుల ఆసుపత్రిలో నేను కొత్తగా చేరిన రోజులనాటి ఒక బెల్లపు ముక్క గుర్తుకు వచ్చింది. ఆ ఉదంతంలో నేను కళ్లారా చూసినది ఇంతే: ఆ వేసవిలో కోళ్లకు కొక్కెర తెగులు సోకి, మా అటెండరు అత్తగారి వీధిలో చాలా ఇళ్ల గంపలు ఖాళీ అయ్యాయి; ఆవిడ పెరట్లో మాత్రం ఒక్కటీ పోలేదు. బెల్లమే కాపాడిందన్నది జనం మాట.

తెగులుకు ముందు ఆ వీధికంతటికీ టీకామందు పంచినది నేనే. కోళ్లను పొద్దుటినుంచి దాహంతో ఉంచి, మందు చెడకుండా కాచే పాలపొడి కలిపిన బావినీళ్లలో పెట్టమన్నాను. భర్త పోయాక ఆ కోళ్ల మీదే బతుకు వెళ్లదీస్తున్న ఆవిడ, పాలపొడితోపాటు గుప్పెడు బెల్లం కూడా కలిపేసింది. మందు పాడుచేశారని కోప్పడితే, "బెల్లం నేకుండా మందెవుడు తాగుతాడు బాబూ? నువ్వు తాగుతావేటి?" అని నన్నే నిలదీసింది.

తీపికి ఆశపడి ఆవిడ కోళ్లు నీళ్లన్నీ తాగి ఉండవచ్చు. మిగతావి చెరకుమళ్ల కాలువలో ముందే దాహం తీర్చుకుని ఉండవచ్చు. వీధి చివరనున్న ఆ పెరటికి తెగులే చేరకపోయి ఉండవచ్చు. ఇవేవీ ఎవరికీ పట్టలేదు. మరుసటి ఏడు టీకాల వేళకు వీధి వీధంతా బెల్లం ముక్కలతో ఆసుపత్రికి వచ్చింది.

నిజం తేల్చాలని ఆవిడ ఇంటికి వెళ్లి, రెండు పెట్టలను అసలు మందే లేకుండా ఉంచి, మిగతావాటిలో సగానికి బెల్లంతో, సగానికి బెల్లం లేకుండా ఇద్దామన్నాను. ఆవిడ శ్రద్ధగా విని, "సరే బాబూ, ఏ పెట్టల్ని ఒగ్గీమంటావు? నీ సేత్తో సూపించు" అంది.

ఒకటి గుడ్లమీద ఉంది. ఒకటి పిల్లలను రెక్కల కింద దాచుకుంది. కుంటిపెట్ట ఒకటి నూకలకోసం అలవాటుగా నా చెప్పుల దగ్గరికి వచ్చింది. నా చెయ్యి లేవలేదు. అన్నింటికీ మందు పెట్టాం, బెల్లంతోనే.

ఇప్పుడు వేల కోళ్ల షెడ్లలో కొన్నింటిని మందు లేకుండా విడిచి పోల్చి చూడటం సులువు. ఏ కోడినని అడిగే మనిషి అక్కడ ఉండదు. బెల్లం పనిచేసిందో లేదో నాకు నేటికీ తెలియదు. ఎందుకు తెలియదో మాత్రం కచ్చితంగా తెలుసు: ఆ పూట ఆ పెరట్లో నేను వేలెత్తి చూపలేకపోయాను.