వెళ్లిరాని హాజీగారు

కాటాలు బాగుచేసే మేస్త్రికి పని మీద ఏనాడూ విసుగు లేదు. విసుగల్లా పిలుపు మీదే. నెరిసిన గడ్డం, తెల్లటోపీ చూసి కొత్తగా వచ్చిన కొట్టాయన ఒకడు "హాజీగారూ" అన్నాడు. పక్క కొట్లవాళ్లు అందుకున్నారు. అంతే, వీధి వీధంతా అదే పేరు ఖాయం చేసేసింది.

మక్కా యాత్ర చేసొచ్చినవాళ్లకు మర్యాదగా తగిలించే అరబ్బీ మాట అది. మేస్త్రి ఆ గడప తొక్కనే లేదు. వెళ్లలేదు మొర్రో అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఎంత వినయమోనని వాళ్లు ఇంకాస్త వంగి సలాం చేశారు.

అరబ్బీ పాఠాలు చెప్పే బావమరిది ఊరుకోబెట్టబోయాడు. అసలు హజ్ అంటే ఓ గొప్ప చోటికి వెళ్లాలని గట్టిగా అనుకుని బయలుదేరడమని మూలార్థం విప్పి, "అనుకున్నావుగా బావా, సగం హాజీవే" అన్నాడు.

మేస్త్రికి ఒళ్లు మండింది. "అరకిలో రాయి మీద కిలో అని ముద్ర కొడితే నేనూరుకుంటానా?"

ఇలా ఉండగా ఇనుప సామాన్ల కొట్టు అన్నదమ్ములు వేరుపడ్డారు. కొట్టు మధ్య గోడ ఎక్కడ లేపాలన్న దగ్గర మాటామాటా పెరిగి, హాజీగారే తేల్చాలంటూ మేస్త్రిని లాక్కెళ్లారు. ఉన్న కిటికీ ఒక్కటే. గోడను కిటికీ దాకా పోనివ్వకుండా జానెడు ముందే ఆపితే ఇద్దరికీ వెలుతురు వస్తుందన్నాడు మేస్త్రి. ఇద్దరూ తలూపారు. హాజీగారి మాటకు తిరుగుంటుందా అన్నాడు అన్న.

మేస్త్రి నోరు ఊరుకోలేదు. "నేను హాజీని కానయ్యా. ఒట్టు."

ఇన్నేళ్లకు ఒక మనిషి, ఆ అన్నే, ఆయన మాట నమ్మాడు. నమ్మి, అయితే ఈ తీర్పు చెల్లదని మళ్లీ పేచీకి దిగాడు.

"మాట బాగుందో లేదో చూసుకో. నా టోపీతో నీకేం పని?" అని విసవిసా ఇంటికొచ్చేశాడు మేస్త్రి. సంగతి విని భార్య కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

అక్కడ అన్న భార్యకు ఓపిక నశించింది. రోజంతా గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆమే. చెప్పినవాడు ఎవరైతేనేం, చీకట్లో నా వల్ల కాదని మొగుడికి తెగేసి చెప్పి తాపీవాణ్ని పిలిపించింది. గోడ జానెడు ముందే ఆగింది.

వారం తిరక్కుండా అన్న వచ్చి, నసుగుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"మేస్త్రీ, మీరన్నట్టే కట్టించాం."

మేస్త్రి చేతిలో పని పక్కన పెట్టి, స్టూలు లాగి వేశాడు. "కూర్చో. వెళ్లేటప్పుడు వీధిలోకి దిగి ఇంకోసారి ఇలాగే పిలువు. కాస్త గట్టిగా."