మంచు పాఠంలో తువ్వాల

మీరు అబద్ధమాడుతున్నారు. పోయిన వారం మైదుకూరులో మా సైన్సు సారు చనిపోతే సంతాప సభకు దండలు పట్టుకొచ్చి, "అట్లాంటి అయివారు మళ్ళీ పుట్టడు" అని మైకులో చెప్పిన మీరందరూ. ఆయన మంచు పాఠాన్ని ఆయన బతికుండగానే చంపింది మీరే. సభకు రాని వాళ్ళు ఊపిరి పీల్చుకోకండి, మీ ఊర్లోనూ ఒక సారు ఉండే ఉంటాడు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

కబురు ఓబులేసు చెప్పాడు. నాతో ఎనిమిదో తరగతి చదివాడు, ఇప్పుడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతాడు. "సారు పోయినాడప్పా. పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే" అన్నాడు ఫోన్లో.

సారును తలుచుకుంటే నాకు ముందు ఐసుగడ్డే కనిపిస్తుంది. మైదుకూరు ఐసు ఫ్యాక్టరీలో గడ్డ కొని, గోనెసంచిలో రంపపుపొట్టు మధ్య పెట్టి, సైకిల్ వెనక కట్టుకుని మా ఊరి బడికి వచ్చేవాడు. వచ్చేసరికి సగమే మిగిలేది. "తక్కింది దారి తాగేసిందిరా" అనేవాడు. మిగిలిన ముక్కలు గిన్నెలో వేసి, స్టవ్వు వెలిగించి, థర్మామీటరు ముంచి మమ్మల్ని చూడమనేవాడు. కింద మంట మండుతూనే ఉంటుంది. పాదరసం మాత్రం సున్నా దగ్గర మొండికేసి కూర్చుంటుంది.

"వేడంతా యాడికి పోతాంది సారూ?"

"చేతులు విడిపించేదానికి పోతాందిరా."

ఏ చేతులో చూపించడానికి మమ్మల్ని బయటికి తోలేవాడు. నేల మీద సున్నంతో గీత గీసి, లోపల హాజరుపట్టీ వరుసలో నిలబెట్టేవాడు. ఇష్టమొచ్చినోళ్ళ పక్కన నిలబడేది లేదు. పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, కాలు కదపకుండా ఉన్నచోటే వణికితే మంచు. చేతులు వదిలి, ఒకరినొకరు రాసుకుంటూ గీత లోపలే తిరిగితే నీళ్ళు. గీత దాటి ఎవరి దిక్కున వాళ్ళు పరుగెత్తితే ఆవిరి. "మూడింట్లోనూ మీరు మీరేరా. అణువు మారలే, నిలబడే తీరు మారింది" అనేవాడు. మళ్ళీ వెనక్కి పిలిచేవాడు. ఆవిరి, నీళ్ళు, మంచు.

ఆవిరితో ఎవరికీ పేచీ లేదు. మంచు దగ్గరే ఊరికి కడుపునొప్పి వచ్చింది.

హాజరుపట్టీలో ఓబులేసు తర్వాత నా పేరు. వాడిది మాదిగగేరి, మాది భూములున్న ఇల్లు. నేను ఇంటికి పోయి ఈ సంబరమంతా చెబితే, మా అవ్వ నన్ను వాకిట్లోనే నిలబెట్టి రెండు కడవల నీళ్ళు నెత్తిన గుమ్మరించింది. మర్నాడు మా నాయన ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. గొడవకు కాదట, సర్దుబాటుకట.

"ఏమప్పా సారూ, పాఠం వద్దనలేదు మేము. నడమ ఒక తువ్వాల పెట్టి చెరొక కొస పట్టుకోమను. సదువూ జరుగుతాది, ఆచారమూ నిలుస్తాది."

సారు నవ్వాడు. "నడమ తువ్వాల కడితే అది మంచు కాదప్పా, దండెం."

"శానా మాట్లాడతాండావు."

"నేను కాదప్పా, సైన్సు మాట్లాడతాండాది."

ఆ మధ్యాహ్నమే మళ్ళీ మమ్మల్ని నిలబెట్టాడు. మా నాయన గేటు దగ్గరే ఉన్నాడు. "మంచు" అన్నాడు సారు. నేను ఓబులేసు చెయ్యి పట్టుకోలేదు. నా చెయ్యి నిక్కరు జేబులో పెట్టుకున్నాను. మంచుకు ఎప్పుడూ అరవై దాకా లెక్కపెట్టే సారు, ఆ రోజు పదకొండు దగ్గర ఆపేశాడు. నన్ను తిట్టలేదు. "లోపలికి పోండ్రా" అన్నాడు, అంతే. నెల తిరక్కుండా ఆయన్ను ఆత్మకూరు అవతల అడవి అంచు బడికి బదిలీ చేయించారు మావాళ్ళు.

రిటైరై మైదుకూరుకు తిరిగొచ్చాక, మా బడికి వచ్చిన ప్రతి హెడ్‌మాస్టరునూ ఆయన ఒకటే అడిగాడు: ఒక్క పీరియడ్. పోయిన ఎండాకాలం నన్నూ అడిగాడు. "పేపర్లో రాస్తాండావు, నీ మాట ఇంటారు. ఆ పాఠం నడిమధ్యలో నిలిచిపోయిందప్పా. ఒక్కసారి అరవై దాకా లెక్కపెట్టి పోతా."

"చూద్దాం సారూ" అన్నాను. కులం మీద వారం వారం వ్యాసాలు దంచే నేను, ఒక్క పూట పోయి ఒక్క హెడ్‌మాస్టరు ముందు నిలబడలేదు.

మొన్న బడిలో జరిగిన సంతాప సభలో ఓబులేసు లేచి అడిగాడు, "ఒక్కసారి పిల్లోళ్ళను మంచు మాదిరి నిలబెడదాం సార్" అని. హెడ్‌మాస్టరు గోడ మీది తెర చూపించాడు. "ఇప్పుడవన్నీ ఎందుకప్పా, వీడియో ఉండాది." తెర మీద నీలం గోళీలు ఒకదాన్నొకటి అంటుకుని వణుకుతున్నాయి. ఎంత శుభ్రం! ఎవరి చెయ్యీ ఎవరికీ తగల్లేదు. ముందు వరుసలో చప్పట్లు. ఓబులేసు కూర్చోకుండా అట్లే బయటికి పోయాడు.

కాలం మారిందంటారు మీరు. ఎద్దులబండి కారైంది, మిద్దె మేడైంది, మా నాయన పొలం మా తమ్ముడి కాంట్రాక్టైంది. సారు దీన్ని భౌతిక మార్పు అనేవాడు. ఆకారం మారింది, పదార్థం అదే. అది మారుతుందన్న నమ్మకం నాకిప్పుడు లేదు. చూద్దామన్న మనిషికి మిగిలింది అడగడమే కాబట్టి అడుగుతున్నాను.

ఆయన పేరుతో గేటూ బొమ్మా అవార్డూ పెట్టకండి.

ఎనిమిదో తరగతికి ఒక్క పీరియడ్ ఇవ్వండి.

తెర ఆపేయండి.

పిల్లల్ని హాజరుపట్టీ వరుసలో బయట నిలబెట్టండి.

ఉత్త చేతులు పట్టుకోమనండి.

అరవై దాకా లెక్కపెట్టండి, ఎవరొచ్చినా ఆపకండి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన బిడ్డను నేరుగా లోపలికి రానివ్వండి.