ఏడుకొండలవాడికి పెట్టుకున్న అర్జీ

ఆ రోజుల్లో లోకం మా ఇంటికి పాలక్యానుతో పాటు సైకిలెక్కి వచ్చేది. నాకు చిన్నతనంలో ఆయాసం. పలకల గనుల మీది దుమ్ము గాలికి లేచిందంటే ఊపిరి అందేది కాదు. అందుకని మార్కాపురంలో మా వీధి పిల్లలంతా బడికి పోతుంటే నేను మాత్రం ఇంట్లోనే నాయన దగ్గర చదువూ, అవ్వ దగ్గర పూజా నేర్చుకున్నాను. (తరగతిలో నేనొక్కదాన్నే కాబట్టి ఎప్పుడూ నేనే ఫస్టు. ఆ గర్వం ఎంత పని చేసిందో మీరే చూస్తారు.) గడప దాటని పిల్లకు ఊరి కబుర్లన్నీ చేరవేసినవాడు పాలు పోసే మామ. మాకు చుట్టమేమీ కాదు, వీధి వీధంతటికీ ఆయన మామే. మా ఊరి పలకల జట్టు ఆ ఏడు మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌లోనే దొనకొండ వాళ్ళను ఓడించిందన్న వార్త నాకు మొట్టమొదట తెచ్చింది ఆయనే. గోల్స్ కొట్టిన మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఇంకా దుప్పట్లోంచి లేవనే లేదు. పాల మామ చెంబులోకి పాలు వంచుతూ, "పాపా, మీ చిన్నాయన నిన్న రెండు గోల్లు కొట్టినాడు. ఒకటి కుడికాలితో, ఒకటి ఎడమకాలితో. ఈసారి మనోళ్ళు పైకి పోయినట్టే" అన్నాడు. అప్పటికి అయింది ఒక్క మ్యాచ్.

పైకి పోవడమంటే ఏమిటో చెప్పాలి. మా పడమటి ఊళ్ళ ఫుట్‌బాల్ జట్లకు పై గ్రూపు, కింది గ్రూపు అని రెండుండేవి. కింది గ్రూపులోని ఆరు జట్లూ ఒకరితో ఒకరు రెండేసిసార్లు ఆడితే, చివరికి అందరికన్నా ముందు నిలిచిన ఒక్క జట్టు మరుసటి ఏడు పై గ్రూపుకు పోయేది. పలకలు కోసేవాళ్ళూ, చట్రాలు బిగించేవాళ్ళూ కలిసి పెట్టుకున్న మా జట్టు పుట్టినప్పటి నుంచీ కింది గ్రూపులోనే ఉంది. చిన్నాయన చట్రాలు బిగించేవాడు. ఆయన ఆటకెంత పేరో జుట్టుకూ అంత పేరు. భుజాల మీద పడే ఉంగరాల జుట్టు. పరుగెత్తితే అది వెనకాల ఎగురుతుందనీ, దాన్ని చూడడానికే కొందరు గ్రౌండుకు వస్తారనీ పాల మామ చెప్పేవాడు. వారానికి రెండుసార్లు అవ్వ చేత దానికి మందారాకు రుద్దించుకునేవాడు. (ఆయన అద్దం ముందు నిలబడితే నేను జడ వేసుకోవడానికి వెనకాల కాచుకుని ఉండాల్సి వచ్చేది.)

వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచేసరికి మా ఇంటి ఎదుటి టీ బంకు దగ్గర కొలువు మొదలైంది. కిటికీ పక్కన లెక్కలు చేసుకుంటున్నట్టు కూర్చుని నేను అంతా వినేదాన్ని. బంకు నడిపే అన్నది ఎప్పుడూ గెలుపు మాట. రిటైరైన హెడ్మాష్టరు తాతది ఎప్పుడూ ఓటమి మాట.

"మూడు గెలిచినాం తాతా. ఇంగ మనల్ని ఆపేదెవరు?" అన్నాడు అన్న.

"ఇంకా ఏడుండాయి రా. గిద్దలూరోళ్ళు కూడా మూడు గెలిచినారు, తెలుసునా?"

"గిద్దలూరు గోల్‌కీపరుకు మోకాలు నొప్పంట."

"మోకాలు నొప్పి నాకూ ఉండాది. అంతమాత్రాన గోలు ఇడిచిపెడతానా?"

"నువ్వు టీ గ్లాసే ఇడిచిపెట్టవు, గోలేం ఇడుస్తావులే. అది సరే గానీ, పై గ్రూపుకు పోయినాక బనియన్లు ఏ రంగుయి కుట్టిద్దాం?"

ఆ రంగు మీద రెండు రోజులు వాదన నడిచింది. చివరికి తాత కూడా నీలమే బాగుంటుందన్నాడు. (ఓడిపోతారని అంత గట్టిగా నమ్మే మనిషికి రంగుతో పనేమిటో నేను ఆయన్ను అడగలేకపోయాను.)

తాత కూడా రంగు చెప్పాడంటే ఇక జట్టు పైకి పోవడం ఖాయమని నాకు అనిపించింది. అయినా దేవుడి చెవిన ఒక మాట వేయడం మంచిదనుకున్నాను. మా ఇంట్లో మొక్కులకు ఒక పద్ధతి ఉంది. మొక్కుకునేది ఒకరు, జుట్టు ఇచ్చేది ఇంకొకరు. గేదె సుఖంగా ఈనాలని అవ్వ మొక్కుకుంటే గుండయింది నాయనకు. నా ఆయాసం నెమ్మదించాలని మొక్కుకుంటే మళ్ళీ నాయనకే. కాబట్టి జట్టు కోసం చిన్నాయన జుట్టు మొక్కడం నాకు చాలా సబబుగా తోచింది. నీకూ నడుము దాటిన జడ ఉంది కదా అని మీరు అడగవచ్చు. దయచేసి అడగకండి. ఆ జడంటే నాకు ప్రాణం.

సరిగ్గా ఆ వారమే నాయన నాకు అర్జీ రాయడం నేర్పి ఉన్నాడు. "ఎవరికి రాస్తున్నావో, దేని గురించో, ఎప్పటిలోగానో తెలియాల. గడువు లేని అర్జీ ఎవరూ చూడరు" అన్నాడు. ఇంట్లో కాగితాలకు కొరత గాని పలకలకు లేదు. అంచు విరిగిన పలక ఒకటి తీసుకుని, బలపం సన్నగా అరగదీసి ఇలా రాశాను: "మహారాజశ్రీ ఏడుకొండలవాడి సన్నిధికి. విషయము: పలకల జట్టును పై గ్రూపునకు పంపుట గురించి. సదరు జట్టు పైకి పోయిన యెడల, పోయిన నాటి నుండి ఏడు దినములలోపుగా మా చిన్నాయన తల వెంట్రుకలన్నియు తమకు సమర్పించుకొనగలము. ఇట్లు, విధేయురాలు." ఆ పలకను దేవుడి గూట్లో స్వామి పటం వెనక పెట్టి, దండం పెట్టుకుని, పని పూర్తయిందని హాయిగా ఉన్నాను.

రెండు నెలలు తిరిగేసరికి చిన్నాయనకు పొదిలి సంబంధం కుదిరింది. ముహూర్తం ఎప్పుడు పడిందంటే, చివరి మ్యాచ్ అయిన ఎనిమిదో రోజున. ఆ సంగతి విన్నప్పుడు వేళ్ళ మీద ఏడు దాకా రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను గాని, పలక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంతలో అవ్వ పెళ్ళి పనుల్లో దేవుడి గూడు దులుపుతూ పలక బయటికి తీసింది. అవ్వకు చదువు రాదు. నాయన ఇంట్లో లేడు. పాలు పోయడానికి వచ్చిన మామ చేతికిచ్చి, "ఇదేందో చూడు అబ్బయ్యా, పాప పాఠం పటం ఎనక పెట్టింది" అంది. ఆయన మంచి కంఠంతో మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చిట్టచివరి ఇంట్లో పాలు పోసేటప్పటికి ఊరందరికీ అది కంఠతా వచ్చేసింది.

"మొక్కుకుంటే మొక్కుకున్నావు, పెండ్లయినాక ఇచ్చేటోళ్ళం. ఏడు దినాలని ఎవరు రాయమన్న్యారే?" అంది అవ్వ.

"గడువు లేకుంటే అర్జీ చూడరని నాయన చెప్పినాడవ్వా."

సాయంత్రం ఇంటికొచ్చిన నాయన పలక చేతికి తీసుకుని, "చెరిపేస్తే పోతాదిగా" అన్నాడు. "స్వామి ఎనక రెండు నెల్లుండిన అచ్చరాలు చెరపడమేంది, నీకు సదువు ఎక్కువైంది" అని అవ్వ ఆయన్నే కోప్పడింది. చిన్నాయన మాత్రం పడీపడీ నవ్వాడు. "ముందు గెలవనీయండమ్మా. గుండు సంగతి ఆ పొద్దు చూసుకుందాం" అన్నాడు.

అక్కడి నుంచి ఆయన కాలు కలిసి రాలేదు. తరువాతి నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కొట్టలేదు. మిగతావాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు గనుక మేమూ గిద్దలూరు వాళ్ళూ సమానంగా ఉన్నాం. చివరి మ్యాచ్ వాళ్ళతోనే, మా గ్రౌండులోనే. గెలిస్తే మేము పైకి. సమానమైతే గోల్స్ ఎక్కువ ఉన్నవాళ్ళు గనుక వాళ్ళు పైకి. ఎదుటి బంకు దగ్గర ఇప్పుడు రంగుల మాట లేదు.

"ఖాళీ గోలు ముందర బంతి పెట్టుకుని ఆకాశానికి కొట్టినాడు. అది కాలు తప్పా, జుట్టు తప్పా?" అన్నారెవరో.

"గుండుతో పోతే పొదిలోళ్ళు ఆనవాలు పట్టరని బయం" అన్నాడు అన్న.

అప్పుడే టీకి వెళుతున్న చిన్నాయన రోడ్డు మధ్యలో ఆగాడు. వెనక్కి తిరిగి వచ్చి, అద్దం వైపు చూడకుండానే లోపలికి పోయాడు. మళ్ళీ ఆ బంకుకు వెళ్ళలేదు. కిటికీ పక్కన కూర్చున్న నాకు మొదటిసారి నేను చేసిందేమిటో అర్థమైంది. ఈ మ్యాచ్ ఓడిపోతే, జుట్టు కోసం జట్టును ముంచాడన్న మాట ఆయన వెంట పెళ్ళి పందిట్లోకి వస్తుంది, ఆ తరువాత జన్మంతా వస్తుంది. అంత మాట పడవలసిన మనిషి కాదు ఆయన. పాల మామ ఒక్కడే, "ఆటన్నాక తప్పుతాది పాపా. ఇన్నేండ్లు పోస్తాండా, నా చేతిలో పాలు తొణకవా?" అన్నాడు. ఆ పలక పైకి చదివినందుకు ఆయనకూ లోపల బాధగానే ఉన్నట్టుంది. ఆ వారమంతా మాకు కొలత కంటే కొంచెం ఎక్కువ పోశాడు.

చివరి మ్యాచ్ రోజు పొద్దున నాయనను అడిగాను, ఒకసారి పెట్టిన అర్జీని మార్చుకోవచ్చునా అని. "సవరణ అర్జీ పెట్టుకోవచ్చు. ఎందుకమ్మా?" అన్నాడు. ఊరికే అన్నాను. ఇంకో పలక తీసుకుని, మాటిమాటికీ జడ ముందుకు వేసుకుని చూసుకుంటూ, ఏడుస్తూ రాశాను: "మొదటి అర్జీలో చిన్నాయన తల వెంట్రుకలు అన్న చోట నా తల వెంట్రుకలు అని చదువుకొనవలెను." దాన్ని గూట్లో పెట్టే ముందు, బూట్లు తుడుచుకుంటున్న చిన్నాయనకు చూపించాను.

"నీ జుట్టుకు ఇంగ భయం లేదు చిన్నాయనా. నువ్వు గోలు కొట్టు."

ఆయన రెండుసార్లు చదివాడు. నా జడ కొసన ఉన్న ఎర్ర రిబ్బను విప్పి, దానితో తన జుట్టు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అవ్వ నన్ను ముక్కుకు తడిగుడ్డ కట్టి గ్రౌండుకు తీసుకుపోయింది. నా జీవితంలో నేను చూసిన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ అది. అంతకాలం మాటల్లో విన్న ఆట ఎంతో పెద్దదిగా ఉండేది, ఎదురుగా చూస్తే దుమ్ములో ఇరవై మంది తిట్టుకుంటూ పరుగెత్తడమే కనిపించింది. మొదటి సగంలో చిన్నాయన ఒక బంతి బయటికి కొట్టాడు. "జుట్టు, జుట్టు" అని కొందరు అరిచారు. నేను కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకుంటున్నాను. అవ్వ మాత్రం కళ్ళు తెరిచే ఉంచి, అరిచినవాళ్ళ వైపు తిరిగి, వాళ్ళ తాతల పేర్లతో సహా పిలిచి చీవాట్లు పెట్టింది. ఆట ముగియవస్తున్నది, ఇంకా ఎవరూ గోల్ కొట్టలేదు. ఎవరో పక్కనుంచి ఎత్తుగా ఒక బంతి వేశారు. ఎర్ర రిబ్బను అందరికన్నా పైకి లేచింది. చిన్నాయన తలతో కొట్టాడు. గోల్.

హెడ్మాష్టరు తాత నెమ్మదిగా, "ఏ జుట్టునైతే అన్న్యామో ఆ జుట్టుతోనే కొట్టినాడు గదరా" అన్నాడు. బంకు అన్న గ్రౌండు అంచున పెట్టిన టీ గిన్నెలన్నీ వదిలేసి గ్రౌండులోకి పరుగెత్తాడు. ఆ రాత్రికి కాచిన టీ అంతా చిన్నాయన గ్లాసులోకే పోసేసినంత పని చేశాడు.

నాలుగో రోజుకు తిరుపతి కొండ మీద ఉన్నాం. నేను రెండు చేతులతో జడ పట్టుకుని, క్షురకుడి ముందు కూర్చోబోయాను. చిన్నాయన నా భుజం పట్టుకుని పక్కకు జరిపి, ఆ చోట తను కూర్చున్నాడు.

"అది కాదు చిన్నాయనా, సవరణ పెట్టినాను గదా."

"నీ సవరణ అందే లోపలే మొదటి అర్జీ మంజూరైపోయింది పాపా" అని తల వంచాడు.

ఉంగరాల జుట్టంతా తడిగా ఆయన ఒడిలో పడింది. అంత మాట ఇచ్చి ఊరికే పోకూడదని అవ్వ నా చేత మూడు కత్తెర్లు ఇప్పించింది. జడ కొసన మూడు వేళ్ళ మేర పోయింది. దానికే నేను నందలూరు దాకా బస్సులో ఏడుస్తూ వచ్చానంటే మీరు నమ్మాలి.

పెళ్ళిలో ఆ నున్నటి గుండు మీద బాసికం నిలవలేదు. కట్టినప్పుడల్లా గంధం మీద జారి ముక్కు మీదికి వచ్చేది. మూడోసారి జారినప్పుడు పెళ్ళికూతురు తలంబ్రాలు చేతిలో పట్టుకుని నవ్వింది. ఆపుకోలేక, ఇరుపక్షాల పెద్దలూ చూస్తుండగా నవ్వింది. ఎవరికో భయపడి గెలుపు వదులుకునే మనిషి కాదని ఆ గుండు చూసే తనకు తెలిసిందని చిన్నమ్మ ఈనాటికీ అంటుంది. ఇంత మంచి చిన్నమ్మను మా ఇంటికి నవ్వుతూ పంపినందుకు నేను ఈనాటికీ స్వామికి కృతజ్ఞత చెప్పుకుంటాను. (మరుసటి ఏడు పై గ్రూపులో పలకల జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా, నీలం బనియన్లతో సహా కిందికి వచ్చేసింది. మొదటి మ్యాచ్‌కు ముందు కప్పు ఎక్కడ పెట్టాలా అని బంకు దగ్గర వాదన జరిగింది.)

ఆయన జుట్టు మళ్ళీ వచ్చింది గాని ఆ ఉంగరాలు రాలేదు. ముప్పై ఐదు దాటేసరికి ఉన్నదీ దానంతటదే పోయింది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ నాలుగు మ్యాచ్‌ల్లో ఏదైనా కావాలని బయటికి కొట్టావా అని. ఆయన నున్నటి తల నిమురుకున్నాడు. "మూడిట్లో నిజంగానే కాలు తప్పింది పాపా. ఒకటి మాత్రం, ఆ పొద్దే మందారాకు రుద్దుకోని ఉంటిని" అన్నాడు. చిన్నమ్మ లోపల్నుంచి నవ్వింది. మూడు మ్యాచ్‌లకే దేవుడికి గడువు రాసిచ్చిన ఆ ఫస్టు ర్యాంకు పిల్లను తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. ఇప్పుడు దేనికీ అంత గట్టిగా నమ్మకం కుదరదు.

వచ్చే సోమవారం చిన్నాయన మోకాలికి ఆపరేషన్. బంతి తన్నితన్ని అరిగిపోయిన మోకాలది. నేను చూడడానికి వస్తానంటే చిన్నమ్మ ఫోన్‌లో, "రా పాపా, పలక మాత్రం తేవాకు" అంది. అందుకని నేను ఏమీ రాయలేదు. మిమ్మల్ని అడుగుతున్నాను. ఇంట్లో దీపం పెట్టుకునే వేళ మా చిన్నాయనను ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుంటే చాలు. ఎవరి జుట్టూ మొక్కకండి. గడువు అసలే పెట్టకండి.